బడి గదులు కట్టడం 11 నెలలు, ఫైలు ముయ్యడం 14 నెలలు: ముగింపు డైరీ

పని ఏమిటో ముందు రెండు ముక్కల్లో. ఒడిశా గజపతి జిల్లా, కాశీనగర్ వైపు ఒక ఊరి బడి. రెండు తరగతి గదులు, వరండా, టాయిలెట్ బ్లాకు, కాంపౌండ్ వాల్. కాంట్రాక్టర్ లైసెన్సు మా మామయ్యది, సైటూ కాగితాలూ నావి. పి-1 అగ్రిమెంట్, అంటే ఎస్టిమేటు మీద ఇంత శాతం తక్కువకి చేస్తాం అని కోట్ చేసేది. ఎస్టిమేటు 40,00,000, మేం 4 శాతం తక్కువకి వేశాం, అగ్రిమెంట్ విలువ 38,40,000, జీఎస్టీ వేరే. మొదలు 2023 నవంబర్ 10, గడువు 2024 ఆగస్టు 9, పని నిజంగా అయింది 2024 అక్టోబర్ 22. కట్టుబడి గురించి ఇక్కడ రాయను, అది అందరూ రాస్తారు. పని అయ్యాక జరిగినదే ఈ డైరీ, ఎందుకంటే డబ్బు పోయింది అక్కడే.

ఈ ముగింపు మొదలుపెట్టేటప్పటికి లెక్క: పని సాగుతుండగా వచ్చిన మూడు రన్నింగ్ బిల్లులు 9,12,000 + 11,46,000 + 8,70,000 = 29,28,000. అందులో ఐదు శాతం చొప్పున ఆపేసిన సెక్యూరిటీ డిపాజిట్ 1,46,400. ఇది కాక అగ్రిమెంట్ రోజున రెండు శాతం కింద పెట్టిన 76,800 ఎఫ్‌డీ ఆఫీసు బీరువాలో.

దశ 1: రెండు కొలతలు, రెండు మొత్తాలు (2024 నవంబర్)

నేను కొలిచి వేసుకున్న పని విలువ 37,70,087. జె.ఇ. (జూనియర్ ఇంజనీరు) గారు ఎం.బి.లో, అంటే కొలతల పుస్తకంలో, వేసింది 37,18,400. తేడా 51,687. మామయ్య చూసి "ఒరే, యాభై వేలకి గొడవ పడితే రెండో పని రాదురా, వదిలెయ్" అన్నాడు. నేను వదల్లేదు, గొడవా పడలేదు. తేడా ఎక్కడెక్కడ ఉందో ఐటెం వారీగా ఒక కాగితం మీద విడగొట్టాను. మూడు చోట్లే తేలింది.

1. పునాది అదనపు లోతు: 30,385
2. కాంపౌండ్ వాల్ పొడవు: 16,380
3. స్టీలు: 4,922

మొత్తం మీద "తక్కువ వేశారు సార్" అని అడిగితే ఎవరూ వినరు. ఐటెం నంబరు, ఎం.బి. పేజీ నంబరు పెట్టి అడిగితే మాత్రం, ఆయన ఎంత పనిలో ఉన్నా, పేజీ తిప్పి చూస్తారు.

దశ 2: పునాది, అంటే మట్టిలో పోయిన 17,725

డ్రాయింగ్‌లో లోతు 1.2 మీటర్లు. తూర్పు వైపు తవ్వితే నల్లమట్టి, బూటు పెడితే దిగిపోతోంది. జె.ఇ. గారు వచ్చి చూసి, నోటితోనే, గట్టి నేల తగిలేదాకా తవ్వమన్నారు. 1.65 దాకా పోయాం. అదనపు లోతు 0.45, వెడల్పు 0.9, పొడవు 14.4, అంటే 5.832 ఘనపు మీటర్లు. తవ్వకం ఘనపు మీటరు 310, అంత మేరా నింపిన లీన్ కాంక్రీటు (సిమెంటు తక్కువ కలిపేది) 4,900.

ఇప్పుడు ఆ మాట చెప్పిన జె.ఇ. గారు బదిలీ అయిపోయారు. కొత్తాయనకి నా ఫోన్‌లో ఫోటోలు చూపించాను. ఇరవై ఏడు ఫోటోలు. గుంత ఉంది, కూలీలు ఉన్నారు, పక్కన తట్ట ఉంది, ఒకదానిలో మామయ్య నవ్వుతున్నాడు. ఆయన అన్నీ ఓపిగ్గా చూసి, "ఫోటోలో గుంత కనబడతంది బాబూ, లోతు ఎంతో నాకెలా తెలుస్తాది?" అన్నారు.

నిజమే. ఒక్క మూలలో మాత్రం లెవెల్ చూడ్డానికి స్టాఫ్ (అంకెలు గీసిన పొడుగు బద్ద) పెట్టినప్పుడు ఎవరో తీసిన ఫోటో ఉంది, అంకెలు చదవొచ్చు. దాంట్లో కనబడే పొడవు 6 మీటర్లు. అంతవరకే ఒప్పుకున్నారు: 2.43 ఘనపు మీటర్లు, 12,660. మిగతా 17,725 నల్లమట్టిలోనే ఉండిపోయింది.

ఇప్పుడు మా సైట్లో మూసేసే ప్రతి పనికీ ఇలా చేస్తున్నాం:

1. మట్టి కప్పక ముందు స్టాఫ్ గానీ స్టీలు టేపు గానీ నిలువుగా పెట్టి, అంకె చదివేంత దగ్గర్నించి ఒక ఫోటో.
2. అదే చోట, వెనక ఏదైనా కదలని గుర్తు (చెట్టు, పాత గోడ) పడేలా దూరం నుంచి రెండోది.
3. ప్రతి 3 మీటర్లకీ ఇదే.
4. అదే రోజు సైట్ ఆర్డర్ పుస్తకంలో ఒక వాక్యం రాసి జె.ఇ. గారి సంతకం. ఆయన రాకపోతే వాట్సాప్‌లో పంపి "సరే" అనిపించుకోవాలి. సంతకానికి సాటి రాదు గానీ ఏమీ లేనిదానికన్నా నయం.

తిరిగొచ్చింది ఇప్పటివరకు: 12,660.

దశ 3: గుడ్డ టేపు

కాంపౌండ్ వాల్ వాళ్ళ లెక్కలో 61.3 మీటర్లు, నాది 64.1. తేడా 2.8, అన్ని ఐటెంలూ కలిపి మీటరుకి 5,850 పడుతుంది. వాళ్ళు గేటు పిల్లర్లు వదిలేసి లోపలి ముఖం కొలిచారని నా వాదన. ఇద్దరం కలిసి మళ్ళీ కొలుద్దాం అన్నారు, ఎగిరి గంతేశాను.

వాళ్ళ 30 మీటర్ల స్టీలు టేపుతో కొలిస్తే 63.4 వచ్చింది. పిల్లర్ల సంగతి నేను అన్నదే నిజం. కానీ నా 64.1 కూడా తప్పే, 70 సెంటీమీటర్లు ఎక్కువ! నా టేపు పాతికేళ్ళనాటి గుడ్డ టేపు, మొదటి అడుగు ముక్క తెగిపోతే మేస్త్రీ ముడి వేసి వాడుతున్నాడు. అంకె చదివి ఒక అడుగు తగ్గించాలని అందరికీ తెలుసు, నేనూ తగ్గించాను అనుకున్నాను. మూడుసార్లు టేపు వేస్తే ఒక్కసారే తగ్గించానన్నమాట, మిగతా రెండు అడుగులూ ఉండిపోయాయి, మిగిలిన పది సెంటీమీటర్లు టేపు బిగించి లాగకపోవడం వల్ల. జె.ఇ. గారు ఏమీ అనలేదు, ఆ ముడి వైపు చూసి ఊరుకున్నారు. అదే ఎక్కువ సిగ్గనిపించింది.

వచ్చింది 2.1 మీటర్లు, 12,285. తిరిగొచ్చింది ఇప్పటివరకు: 24,945.

కొన్నవి: 30 మీటర్ల స్టీలు టేపు, 5 మీటర్ల చేతి టేపులు రెండు. గుడ్డ టేపు మామయ్య పారెయ్యనివ్వలేదు. ఇంట్లో పందిరికి తీగ పాకించడానికి కట్టాడు.

దశ 4: స్టీలు, ప్లాస్టరింగ్

స్టీలు తూకం మీద కాదు, పొడవు మీద లెక్క. మీటరు బరువు అంటే వ్యాసం మిల్లీమీటర్లలో తీసుకుని దాన్ని దానితోనే గుణించి 162తో భాగించడం. 8 ఎం.ఎం. 0.395 కేజీ, 10 ఎం.ఎం. 0.617, 12 ఎం.ఎం. 0.889. ఎం.బి.లో శ్లాబు ఊచలు ఉన్నాయి, రెండు మర్చిపోయారు: అతుకులు, కుర్చీలు. ఊచ మీద ఊచ వేసి కట్టే అతుకు 62 చోట్ల, ఒక్కొక్కటి 400 ఎం.ఎం., అంటే 8 ఎం.ఎం. ఊచ 24.8 మీటర్లు, 9.8 కేజీలు. పై జాలీ కిందికి దిగకుండా పెట్టే కుర్చీలు 96, ఒక్కోటి 0.9 మీటరు, 10 ఎం.ఎం., 53.3 కేజీలు. మొత్తం 63.1 కేజీలు, 78 చొప్పున 4,922. ఈసారి కాంక్రీటు పొయ్యక ముందు తీసిన ఫోటోల్లో కుర్చీలు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి, పైగా రాడ్ బెండర్ రాసుకున్న చీటీ ఉంది, మాట్లాడకుండా వేశారు. బైండింగ్ వైరు, ముక్కల వేస్టు మాత్రం ఎవరూ ఇవ్వరు, అది రేటులోనే ఉన్నట్టు.

ప్లాస్టరింగ్‌లో తప్పు నాది, అది కూడా నాకే నష్టం. కిటికీలు 1.2 × 1.2, ఎనిమిది. తలుపులు 1.0 × 2.1, రెండు. నేను గోడకి రెండు వైపులా ఇవి తీసేసి ఇచ్చాను, వాళ్ళు నా షీటే ఎక్కించుకున్నారు. ఐ.ఎస్. 1200 (కట్టుబడి కొలతల ప్రమాణం) ప్రకారం 0.5 చదరపు మీటరు లోపు ఖాళీ అయితే అసలు తియ్యక్కర్లేదు, 0.5 నుంచి 3 దాకా అయితే ఒక ముఖానికే తియ్యాలి, పక్క గట్ల ప్లాస్టరింగు వేరేగా కలపకూడదు. 3 దాటితేనే రెండు ముఖాలూ తీసి గట్లు కలుపుతారు. మావన్నీ మధ్య రకమే. 11.52 + 4.2 = 15.72 చదరపు మీటర్లు, 185 చొప్పున 2,908. అడిగితే జె.ఇ. గారు నవ్వి కలిపారు.

తిరిగొచ్చింది మొత్తం: 32,775. తుది పని విలువ 37,51,175.

దశ 5: శ్లాబు కింద చెమ్మ (2024 డిసెంబర్)

డిసెంబర్ 18న ఎస్.డి.ఒ. (జె.ఇ. పై అధికారి) గారు, జె.ఇ. గారు, బడి పెద్ద మాస్టారు కలిసి తనిఖీకి వచ్చారు. అంతకు ముందే మేం శ్లాబు మీద నీళ్ళు కట్టి చూశాం, వాళ్ళు చెప్పకుండానే. మంచి పనైంది. లేకపోతే వాళ్ళ ముందే పరువు పోయేది.

నాలుగు వైపులా మట్టి కట్ట, 50 ఎం.ఎం. నీళ్ళు, వాన గొట్టాల మూతులు గుడ్డతో బిగించాం. 48 గంటలు అనుకున్నాం. 19వ గంటకి రెండో గది మూలలో, వాన గొట్టం దిగే చోట కింద, పళ్ళెం అంత చెమ్మ. పెన్సిలుతో అంచు గీసి టైము రాశాను. 24వ గంటకి గీత దాటి 40 ఎం.ఎం. పాకింది.

మొదటి ప్రయత్నం: నీళ్ళు తీసేసి ఎండాక ఆ మూలలో సిమెంటు పాలలో వాటర్‌ప్రూఫ్ మందు కలిపి రెండు పూతలు వేశాం. ఖర్చు 850. మళ్ళీ నీళ్ళు కడితే ఈసారి 26వ గంటకి దిగింది. ఏడు గంటలు కొన్నామన్నమాట, 850కి.

అప్పుడు తాపీ మేస్త్రీ (ముప్పై ఏళ్ళ చెయ్యి, సవర ఊరు ఆయనది, తెలుగూ ఒడియా సవర మూడూ ఒకే వాక్యంలో మాట్లాడతాడు) గొట్టం చుట్టూ సుత్తితో తట్టి విన్నాడు. డొల్ల శబ్దం. శ్లాబు పోశాక గొట్టం కోసం కన్నం పొడిచారు, గొట్టం పెట్టి చుట్టూ మామూలు మాలు కూరారు. ఆ మాలు గొట్టానికి అతుక్కోలేదు, పీవీసీ నున్నగా ఉంటుంది కదా. నీళ్ళు పైనుంచి కాదు, గొట్టం పక్క సందులోంచి దిగుతున్నాయి. పైన ఎన్ని పూతలు వేస్తే ఏం లాభం.

రెండో ప్రయత్నం:

1. గొట్టం చుట్టూ 150 ఎం.ఎం. వెడల్పు, 60 ఎం.ఎం. లోతు చెక్కాం. డ్రిల్లు వాడలేదు, చేతి ఉలి, గొట్టం పగలకుండా.
2. గొట్టం బయటి వైపు గరుకు కాగితంతో బాగా రుద్ది, పీవీసీ గమ్ము రాసి, అది తడిగా ఉండగానే దాని మీద పొడి ఇసుక జల్లాం. మాలు పట్టుకోవడానికి ఇదే కీలకం, చెప్పింది మేస్త్రీ.
3. పాలిమర్ కలిపిన మాలు రెండు విడతలుగా కూరాం.
4. శ్లాబూ పారాపెట్ గోడా కలిసే మూల గుండ్రంగా గోలా కట్టాం, 75 ఎం.ఎం.
5. ఏడు రోజులు తడిపాం.

మూడోసారి 48 గంటలు, తర్వాత అనుమానం తీరక 72. పొడిగా ఉంది. మిగతా మూడు గొట్టాలకీ చెమ్మ లేకపోయినా ఇదే చేయించాను. ఖర్చు మొత్తం 4,350.

తనిఖీలో ఇంకా 23 లోపాలు రాశారు. ఎక్కువ చిన్నవే: తలుపు గడియ పట్టడం లేదు, స్విచ్ బోర్డు వంకర, పెయింటు మరకలు. పెద్దది ఒకటే, వరండాలో 11 ఎం.ఎం. నీళ్ళు నిలుస్తున్నాయి, వాలు లోపలికి పోయింది. 6 చదరపు మీటర్లు ఊడగొట్టి మళ్ళీ వేశాం. ఖర్చు 11,800.

ముగింపు ఖర్చు ఇప్పటివరకు: 16,150.

దశ 6: 41 రోజుల క్యూబులు

ఎం-20 కాంక్రీటుకి (28 రోజులకి చదరపు ఎం.ఎం.కి 20 న్యూటన్ల బలం ఉండాల్సినది) బలం పరీక్ష కోసం మూడు విడతల్లో తొమ్మిది క్యూబులు, అంటే కాంక్రీటు దిమ్మలు, తీశాం. రెండు విడతలు సరిగ్గా 28 రోజులకి ల్యాబుకి వెళ్ళాయి. మూడోది శ్లాబుది, ముఖ్యమైనదే, నీళ్ళ తొట్టిలో ఉండిపోయింది. ఎవరికి వారు రెండోవాడు తీసుకెళ్ళాడనుకున్నాం. 41వ రోజున గుర్తొచ్చింది. ఫలితం బాగానే ఉంది, 560 కిలోన్యూటన్లకి పగిలింది, 150 × 150 ఎం.ఎం. ముఖం మీద చూస్తే చదరపు ఎం.ఎం.కి 24.9 న్యూటన్లు. కానీ కాగితం మీద 41 రోజులు అని ఉంది, 28 రోజుల బలం చూపించమని ఫైలు వెనక్కొచ్చింది. చివరికి శ్లాబు మీద రీబౌండ్ హ్యామర్ పరీక్ష (సుత్తి లాంటి పరికరంతో కొట్టి బలం అంచనా వేసేది) చేయించి పెట్టాం. 6,500. మొత్తం 22,650.

తొట్టి మీద గోడకి బొగ్గుతో తేదీ రాసి ఉంటే ఈ 6,500 మిగిలేది. ఇప్పుడు క్యూబు మీదే పెయింటుతో పోసిన తేదీ, పగలాల్సిన తేదీ రెండూ రాస్తున్నాం.

దశ 7: గడువు

గడువు దాటింది 74 రోజులు. పొడిగింపు దరఖాస్తు గడువు లోపల పెట్టాలి, మేం ఆగస్టు 21న పెట్టాం, 12 రోజులు ఆలస్యం. దీనికి సాకు లేదు, నేనే మర్చిపోయాను. దానికి తోడు పని ఆగిన రోజులు రాసే హిండ్రెన్స్ రిజిస్టరు తెరిస్తే మొదటి పేజీలో మా పేరు తప్ప ఏమీ లేదు.

వెనక్కి వెళ్ళి కట్టుకొచ్చాను. మస్టర్‌లో కూలీలు సున్నా ఉన్న రోజులు, సిమెంటు రిజిస్టరులో బస్తా కదలని రోజులు, ఫోన్ ఫోటోల తేదీలు పక్కపక్కన పెట్టి, మూడూ కలిసిన రోజులే తీసుకున్నాను. 2024 సెప్టెంబర్ 1 తెల్లవారుజామున వాయుగుండం కళింగపట్నం దగ్గర తీరం దాటింది కదా, ఆ వారం బడి దారిలో గెడ్డ పొంగి లారీ రాలేదు. వాతావరణ శాఖ బులెటిన్ ప్రింటు దానికి జత చేశాను. 47 రోజులు ఒప్పుకున్నారు. మిగిలిన 27 రోజులకి జరిమానా 9,600, అంటే అగ్రిమెంట్ విలువలో పావు శాతం. ఎక్కువ పడుతుందని భయపడ్డాను, ఆ నెలరోజులు నిద్ర లేదు, టెన్షన్.

దశ 8: కట్టింది కట్టినట్టు డ్రాయింగ్

సెప్టిక్ ట్యాంకు బోరుకి మరీ దగ్గరవుతుందని 2.3 మీటర్లు జరిపాం. పాత డ్రాయింగే ప్రింటు తీసి పైన "కట్టినట్టు" అని ముద్ర కొట్టి పెడితే సరిపోతుందనుకున్నాను. ఎస్.డి.ఒ. గారు సైటుకొచ్చి మూత ఎక్కడ అని అడిగారు, డ్రాయింగ్‌లో చూపించిన చోట పనస మొక్క ఉంది.

మళ్ళీ గీశాం. కంటికి కనబడనివి గుర్తించడానికి తేలిక పద్ధతి: భవనం రెండు మూలలు, ఎ, బి అనుకోండి, రెండింటి నుంచీ టేపు. ట్యాంకు మూత మధ్యకి ఎ నుంచి 6.42, బి నుంచి 8.15. రేపు మట్టి కప్పేసినా ఎవరైనా రెండు టేపులతో పట్టుకోగలరు. పైపుల మలుపులు, కరెంటు ఎర్తు గుంత అన్నీ ఇలాగే రాశాం. ప్రింట్లు 2,150. మొత్తం 24,800.

దశ 9: ఇసుక చీటీలు, ఫైనల్ బిల్లు (2025 జూన్)

ఒడిశాలో ఇసుక, పిక్క, మొరం దేనికైనా వై-ఫారం (సర్కారు రవాణా చీటీ) కావాలి, లేకపోతే రాయల్టీ బిల్లులోంచి కోస్తారు. మావి 31 ట్రాక్టర్ల ఇసుక. ఫారాలు 18. మిగతా 13కి ట్రాక్టర్‌వాడు "రేపిస్తాను" అన్నాడు, ఆ రేపు ఇంకా రాలేదు. కోత 21,350. ఇసుక ధరలో వాడికి ఒకసారి, బిల్లులో రెండోసారి కట్టామన్నమాట. నది అటు ఒడ్డు, అంటే ఆంధ్ర వైపు, నుంచి తెస్తే చవక అని చెప్పేవాళ్ళుంటారు, ఆంధ్ర ఇసుక రాష్ట్రం దాటకూడదు, ఆ గొడవలోకి పోకండి. సిమెంటు ఆంధ్రలోని పాతపట్నంలో కొంటే మాత్రం బిల్లు మీద మీ ఒడిశా జీఎస్టీ నంబరు వేయించి ఐ.జీ.ఎస్.టీ.గా రాయించుకోండి. ఆంధ్ర ఎస్.జీ.ఎస్.టీ. పడితే ఆ క్రెడిట్ మనకి రాదు.

ఫైనల్ బిల్లు: 37,51,175 − 29,28,000 = 8,23,175. కోతలు:

డిపాజిట్ 5 శాతం: 41,159
కార్మిక సెస్ 1 శాతం: 8,232
ఇన్‌కం ట్యాక్స్ 1 శాతం: 8,232
జీఎస్టీ టీడీఎస్ 2 శాతం: 16,464
రాయల్టీ: 21,350
జరిమానా: 9,600
మొత్తం: 1,05,037. చేతికి 7,18,138.

18 శాతం జీఎస్టీ వేరేగా వచ్చింది, అది కట్టేసేదే. జీఎస్టీ టీడీఎస్ పోయినట్టు కాదు, పోర్టల్లో వచ్చిన క్రెడిట్‌ని మనమే ఒప్పుకోవాలి, అప్పుడే లెడ్జర్లో పడుతుంది. మొదటి మూడు బిల్లులవి 58,560 ఎవరూ ఒప్పుకోకుండా అలాగే పడున్నాయి, అకౌంటెంటు చూసుకుంటున్నాడని మామయ్య, మామయ్య చూస్తున్నాడని అకౌంటెంటు.

జిరాక్సులు, ఫోటో ప్రింట్లు 1,640, పెట్రోలు 5,200. ముగింపు ఖర్చు మొత్తం 31,640. అంటే తిరిగొచ్చిన 32,775లో చేతిలో మిగిలింది 1,135.

దశ 10: హస్తాంతర పత్రం, డిపాజిట్ (2025 డిసెంబర్ వరకు)

పూర్తయిన సర్టిఫికెట్ వచ్చినప్పుడు అందరూ సంతకం చూస్తారు, తేదీ చూడరు. మాదాంట్లో పని పూర్తయిన తేదీ 2024 డిసెంబర్ 18 అని పడింది, అంటే తనిఖీ రోజు. మా అగ్రిమెంట్లో లోపాల బాధ్యత 12 నెలలు, ఆ తేదీ నుంచే లెక్క. అలాగే ఉంటే డిపాజిట్ రెండు నెలలు వెనక్కి పోతుంది, పైగా ఆలస్యం 74 రోజులు కాక 131 అవుతుంది. మూడుసార్లు తిరిగి అక్టోబర్ 22గా మార్పించాను.

బడికి అప్పగించిన కాగితం ఒడియాలో రాయించాం, హస్తాంతర పత్రం. తాళాలు ఎన్ని, ఫ్యాన్లు ఎన్ని, కుళాయిలు ఎన్ని, అన్నీ లెక్కపెట్టి పెద్ద మాస్టారి సంతకం, స్టాంపు. మూడు కాపీలు: బడికి, ఆఫీసుకి, మాకు.

2025 అక్టోబర్‌లో డిపాజిట్ దరఖాస్తు పెడితే బడి నుంచి లోపాలు లేవని చీటీ తెమ్మన్నారు. వెళ్తే పాత మాస్టారు రిటైరయ్యారు. కొత్త మాస్టారు మంచాయనే, కానీ ఫ్యాన్లు ఎనిమిది ఉండాలట, ఆరే ఉన్నాయి, మిగతా రెండూ మేమే వెయ్యలేదంటారు. బడి కాపీ దొరకలేదు. మా కాపీ తీసి చూపించాను, ఆరు ఫ్యాన్లు అని ఉంది, కింద స్టాంపు. వరండా చుట్టూ ఉన్న గచ్చు ఒక చోట 14 ఎం.ఎం. దిగింది, అది నిజమైన లోపమే, ఒక రోజు పనితో సరిచేసి ఇచ్చాం.

డిసెంబర్ రెండో వారంలో డిపాజిట్ 1,87,559, ఎఫ్‌డీ 76,800, కలిపి 2,64,359 విడుదలయ్యాయి. ఎఫ్‌డీ మీద వడ్డీ బ్యాంకు వేరేగా వేసింది. పునాదిలో 17,725 రాలేదు, రాదు. కొత్త మాస్టారు నిన్న ఫోన్ చేసి టాయిలెట్ తాళం చెవి రెండోది ఎక్కడుందని అడిగారు. పత్రంలో నాలుగో వరుసలో ఉంది, రెండూ బడికే ఇచ్చాం.